కిడ్నీల్లో నీటితిత్తులు – కడుపులో చోటు లేని బాధ



ఉదయం మన ఓ.పి.లో చీటీలు రాసే వేళ అక్కడ కాసేపు నిలబడితే ఎక్కువగా వినబడే మాట "గ్యాస్ ట్రబులండీ" అన్నదే. కడుపు ఉబ్బరమైనా గ్యాసే, ఛాతీలో మంటైనా గ్యాసే, నడుములో పోటు వచ్చినా గ్యాసే. చాలామందికి అది నిజంగానే వేళకు తినకపోవడం వల్లనో, కారం మసాలాల వల్లనో వచ్చిన బాధే. నాలుగు రోజుల మందుతో తగ్గిపోతుంది. అయితే కొద్దిమందికి ఆ ఉబ్బరం వెనుక వేరే సంగతి ఉంటుంది. కిడ్నీల నిండా నీటితిత్తులు పెరిగి, కడుపులో అన్నానికి చోటు లేకుండా చేస్తాయి. ఈ జబ్బును పాలీసిస్టిక్ కిడ్నీ వ్యాధి అంటారు. ఇందులో రక్తపోటు గూర్చి, క్రియాటినిన్ గూర్చి డాక్టర్లు వివరంగానే చెబుతారు. తిండి గూర్చి, విరోచనం గూర్చి, త్రేన్పుల గూర్చి అడగడానికి మాత్రం రోగులు మొహమాటపడతారు. ఆ ప్రశ్నలు చివరికి వార్డులో మా నర్సుల దగ్గరకే వస్తాయి. అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం నలభై రెండేళ్ల ఒక తల్లి అత్తగారితో కలిసి వచ్చింది. రెండేళ్లుగా ఊళ్లో గ్యాస్ బిళ్లలు, సీసాలకు సీసాలు గ్యాస్ టానిక్కు వాడింది. పొట్ట చూస్తే ఆరో నెల గర్భిణిలా ఉంది. ఇరుగుపొరుగు వారు "ఈ వయసులో ఏమిటమ్మా ఇది" అని నవ్వారట. ఆ మాట చెబుతూ ఏడ్చింది. అత్తగారి బాధ ఇంకొకటి. "నాలుగు ముద్దలు తిని కంచం తోసేస్తుందండీ. నా చేతి వంట పడట్లేదు ఈవిడకి" అన్నారు పెద్దావిడ. కోడలేమో తల వంచుకొని "తినాలనే ఉంటుంది సిస్టరమ్మా, పట్టదు" అంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బరువు చూసి రాసింది నేనే. అంతకు ముందు వచ్చినప్పటికంటే రెండు కిలోలు ఎక్కువ ఉంది. "బాగుందమ్మా, కాస్త ఒళ్లు చేశావు" అన్నాను. పక్కనే ఉన్న డాక్టరుగారు ఏమీ అనకుండా ఆమె జబ్బ దగ్గర చర్మం రెండు వేళ్లతో పట్టి చూపించారు. చేయి పుల్లలా ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. పెరిగిన బరువు ఒంటిది కాదు, కడుపులోని తిత్తులది. మనిషి లోపల అరిగిపోతుంటే త్రాసు మాత్రం పెరిగిందని చెబుతోంది. అన్ని సంవత్సరాల అనుభవం ఉండి కూడా నేను త్రాసునే నమ్మాను. ఆ రోజు నుండి పెద్ద పొట్టతో వచ్చిన ఎవరికైనా సరే, బరువుతో పాటు దండచేయి చుట్టుకొలత కూడా టేపుతో తీసి రాయమని మా పిల్లలకు నేర్పుతున్నాను. మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే మీరు కూడా కుట్టు టేపుతో నెలకొకసారి ఒకే చోట కొలిచి రాసుకోండి. చేయి సన్నబడుతూ పొట్ట పెరుగుతుంటే, బరువు ఎంత చూపినా సరే, డాక్టరుకు చెప్పండి.

ఆమెకు స్కానింగ్ చేస్తే రెండు కిడ్నీల నిండా, కాలేయం నిండా కూడా తిత్తులే. తండ్రి ఏభై దాటగానే "కిడ్నీలు పోయి" చనిపోయాడని అప్పుడు గుర్తు చేసుకొంది.

ముందుగా మూడు అపోహలు తీసివేయాలి. ఆడపిల్లలకు నెలసరి సరిగా రాక, అండాశయాల్లో చిన్న నీటిబుడగలు కనబడే పి.సి.ఓ.డి.కి, దీనికి సంబంధం లేదు. పేరులో "పాలీసిస్టిక్" అన్న మాట ఒకటే. రెండవది, ఏభై అరవై ఏళ్లు దాటిన వారికి స్కానింగులో కిడ్నీ మీద ఒకటి రెండు తిత్తులు కనబడటం మామూలే. అది ఈ జబ్బు కాదు. మూడవది, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఎంతోమందిని బలిగొన్న కిడ్నీ జబ్బు కూడా ఇది కాదు. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. దీని కారణం తెలుసు. ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు. దీనికి మూలమైన ముఖ్యమైన రెండు జన్యువులను 1994లోనూ, 1996లోనూ కనుగొన్నారు. తల్లికి గాని తండ్రికి గాని ఉంటే, ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడ మగ తేడా లేదు. మేనరికం చేసుకొన్నందువల్ల వచ్చేది కూడా కాదు. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు కనుక చెబుతున్నాను.

ఇక కడుపు సంగతికి వద్దాం. మామూలు కిడ్నీ 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవు, ఇంచుమించు 150 గ్రాముల బరువు ఉంటుంది. మన పిడికిలి కంటె కొంచెం పెద్దది. ఈ జబ్బులో తిత్తులు ఏళ్ల తరబడి మెల్లగా పెరిగి, ఒక్కొక్క కిడ్నీ 30 సెంటీమీటర్లు దాటవచ్చు, కిలోల బరువు తూగవచ్చు. చాలామందికి కాలేయంలో కూడా తిత్తులు వస్తాయి. అవి ఆడవారిలో, ముఖ్యంగా ఎక్కువ కాన్పులైన వారిలో, పెద్దగా పెరుగుతాయి. ట్రంకు పెట్టెలో బట్టలు సర్దిన తరువాత రెండు గుమ్మడికాయలు కూడా పెట్టి మూత వేయాలని చూస్తే ఎలా ఉంటుంది? బట్టలు నలిగిపోతాయి, మూత పైకి లేస్తుంది. కడుపులో జరిగేది అదే. జీర్ణకోశం నొక్కుకుపోయి నాలుగు ముద్దలకే నిండిపోతుంది. దానిలోని పులుపు పైకి ఎగదన్ని గొంతులో మంట పుడుతుంది. పేగులు ఇరుకున పడి విరోచనం కష్టమవుతుంది. పొట్ట గోడ సాగి బొడ్డు దగ్గరో గజ్జల్లోనో హెర్నియా వస్తుంది. ఊపిరి కూడా నిండా తీసుకోలేమంటారు కొందరు. కాలేయం తిత్తులతో నిండినా అది చేసే పని మాత్రం సాధారణంగా చెడదు. లివరు రక్తపరీక్షలు బాగానే ఉంటాయి. "పరీక్షలన్నీ బాగున్నాయి, నీకేమీ లేదు" అని ఇంట్లో వారు విసుక్కోవడానికి ఇదొక కారణం. పరీక్ష బాగున్నంత మాత్రాన చోటు పెరగదు కదా.

అన్ని బాధలూ చోటు లేకే వస్తాయని అనుకోకూడదు. కిడ్నీల పని బాగా తగ్గినప్పుడు రక్తంలో మలినాలు పేరుకొని వికారం, పొద్దున్నే వాంతి, నోట్లో ఇనుప రుచి, మాంసం వాసన పడకపోవడం మొదలవుతాయి. అది వేరు. దానికి చిన్న ముద్దలు మందు కావు, డాక్టరును కలవాలి. మనం ఇచ్చే మందులు కూడా కొంత చేస్తాయి. రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ బిళ్లలు, కాల్షియం బిళ్లలు, డయాలసిస్ వారికి భోజనంతో ఇచ్చే ఫాస్ఫరస్ తగ్గించే బిళ్లలు, ఇవన్నీ మలబద్ధకం చేసేవే. కనుక ఏ బాధ ఎప్పుడు మొదలైంది, ఏ బిళ్ల మొదలు పెట్టాక వచ్చింది అన్నది ఒక కాగితం మీద రాసుకొని తెస్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

తిండి ఎలా తినాలి? మూడు పూటల పెద్ద భోజనం మానివేయండి. అదే తిండిని ఆరు భాగాలు చేయండి. పొద్దున ఆరున్నరకు ఒక ఇడ్లీ, తొమ్మిదింటికి ఇంకొకటి, పన్నెండింటికి చిన్న గిన్నెడు అన్నం, మూడింటికి ఏదైనా పలహారం, ఇలా. పైన చెప్పిన తల్లికి మేము పెద్ద కంచం మార్పించాము. టిఫిను ప్లేటులో పెట్టమన్నాము. పెద్ద కంచంలో అన్నం మిగిలిపోతే తిన్నవారికి బాధ, పెట్టినవారికి కోపం. చిన్న ప్లేటు ఖాళీ అయితే ఇద్దరికీ తృప్తి. ఇది చిన్న సంగతే గాని, అత్తాకోడళ్ల మధ్య రెండేళ్ల మనస్పర్థ ఆ ప్లేటుతోనే కొంత తగ్గింది.

అన్నంతో పాటు నీళ్లు ఎక్కువ తాగితే ఆ కాస్త చోటూ నీళ్లకే పోతుంది. గొంతు తడుపుకొనేంత తాగి, మిగతా నీళ్లు భోజనానికి అరగంట ముందో, గంట తరువాతో తాగండి. రసం, పల్చని చారు, మజ్జిగ ముందే గటగట తాగి కడుపు నింపుకోకండి. ముందు గట్టి పదార్థం, చివర మజ్జిగ. సోడా, కూల్‌డ్రింకులు వద్దు. వేపుళ్లు, నూనె తేలే కూరలు కడుపులో ఎక్కువసేపు నిలుస్తాయి కనుక తగ్గించండి. పచ్చి ఉల్లి, క్యాబేజీ, శనగపిండి పిండివంటలు ఉబ్బరం పెంచుతాయని చాలామంది చెబుతారు, అయితే అందరికీ కాదు. మీకు ఏది పడదో మీరే రెండు వారాలు రాసుకొని చూడండి. ఎవరో చెప్పారని అన్నీ మానేసి ఎండిపోకండి.

బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, దోసకాయ వంటి కూరలు మెత్తగా ఉడుకుతాయి, సులభంగా అరుగుతాయి, పొటాషియం కూడా తక్కువే. పొటాషియం మాట ఎందుకంటే, కిడ్నీల పని తగ్గిన వారికి అది రక్తంలో పెరిగితే గుండెకు ప్రమాదం. మొదటి దశలో, రక్తపరీక్షలు బాగున్నవారు పండ్లు మామూలుగా తినవచ్చు. పొటాషియం పెరిగిందని డాక్టరు చెప్పినవారు మాత్రం కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం, ఆకుకూరల పులుసులు ఆపాలి. వారికి ఆపిలు, అనాస, బొప్పాయి ముక్కలు కొద్దిగా ఇవ్వవచ్చు. కూరగాయలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేస్తే పొటాషియం కొంత పోతుంది. రోగిని చూడవచ్చేవారు ప్రేమతో కొబ్బరిబోండాలు తెస్తారు. వార్డులో ఆ బోండాలను ఎన్నిసార్లు నేనే పక్కన పెట్టించానో, ఎంతమంది నా మీద అలిగారో లెక్కలేదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే సుమారు ఒక చెంచాకు మించకూడదు. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, ఎండుచేపలు, బజారు చిప్సు ఉన్నచోట ఆ లెక్క నిలవదు. ఇంకొక హెచ్చరిక: ఇటీవల దుకాణాల్లో "సోడియం తక్కువ" అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. బి.పి.కి మంచిదని కొని కిడ్నీ రోగికి వాడకండి. మాంసకృత్తులు ఎంత తినాలన్నది జబ్బు దశను బట్టి మారుతుంది. డయాలసిస్ లేనివారికి మితంగా, డయాలసిస్ మొదలైన వారికి ఎక్కువగా కావాలి. పక్కింటి రోగి చార్టు చూసి మీరు పాటించవద్దు.

ఛాతీలో మంట, పుల్లత్రేన్పులు ఉన్నవారు రాత్రి భోజనం పడుకోబోయే మూడు గంటల ముందే ముగించండి. తిన్న వెంటనే మంచం ఎక్కవద్దు, వంగి అంట్లు తోమవద్దు. తలగడలు రెండు మూడు పేర్చుకొంటే మెడ వంగుతుంది గాని పొట్ట మీద ఒత్తిడి తగ్గదు. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి ఆరు అంగుళాలు ఎత్తు చేయండి. ఎడమ పక్కకు తిరిగి పడుకొంటే చాలామందికి మంట తగ్గుతుంది. ఇంకొక విషయం మగ డాక్టర్లకు తట్టదు కనుక నేను చెబుతాను. చీర కట్టుకొనే తల్లులు లంగా బొందు నడుము మీద బిగించి ముడి వేస్తారు. ఇరుకైన పొట్టకు అది ఇంకొక ఉరి. బొందు వదులుగా కట్టుకోండి, లేదా ఎలాస్టిక్ వేయించండి, ఇంట్లో ఉన్నంతసేపు నైటీ వేసుకోండి. మగవారు బెల్టు వదిలి లుంగీ కట్టుకోండి. ఎంతో మందుతో తగ్గని పులుపు ఈ చిన్న మార్పుతో కొంత తగ్గడం నేను చూశాను.

గ్యాసు మందుల గూర్చి జాగ్రత్త. సీసాల్లో వచ్చే తెల్లని, గులాబిరంగు గ్యాసు టానిక్కుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. కిడ్నీలు బాగున్నవారికి అవి బయటికి పోతాయి. కిడ్నీల పని తగ్గినవారి ఒంట్లో పేరుకొంటాయి. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే పొడుల్లో, వంటసోడాలో సోడియం ఎక్కువ. అది బి.పి.ని, వాపును పెంచుతుంది. కొందరికి రక్తంలో ఆమ్లం తగ్గించడానికి డాక్టరే సోడా బిళ్లలు రాస్తారు. అది లెక్క కట్టి ఇచ్చే మోతాదు, వంటింటి సోడాతో పోల్చవద్దు. పొద్దున పరగడుపున వేసుకొనే గ్యాసు బిళ్ల కూడా ఎన్నాళ్లు వాడాలో డాక్టరును అడగండి, ఏళ్ల తరబడి సొంతంగా మింగరాదు.

ఇక మలబద్ధకం. ఈ జబ్బులో రోగులు ఎక్కువ బాధపడేది, తక్కువ చెప్పేది దీని గూర్చే. పేగులు ఇరుకు, పైన ఐరన్ బిళ్లలు, దానికి తోడు పండ్లు మానమన్నారు, కొందరికి నీళ్లు కూడా కొలత. నాలుగు రోజులకొకసారి ముక్కి ముక్కి విరోచనానికి వెళితే హెర్నియా దిగుతుంది, మొలలు వస్తాయి, కడుపు ఇంకా ఉబ్బుతుంది. మొదట నీళ్లు. కిడ్నీల పని బాగున్న దశలో రోజుకు రెండున్నర మూడు లీటర్ల నీళ్లు తాగమని సాధారణంగా చెబుతారు. అది తిత్తుల పెరుగుదలకు దోహదం చేసే ఒక హార్మోనును కూడా అణచి ఉంచుతుంది. డాక్టరు నీళ్లకు పరిమితి పెట్టినవారు ఈ మాట వినకూడదు, వారి కొలత వారిదే. రెండవది నడక. భోజనమైన గంటకు ఇంటి ముందు పదిహేను నిమిషాలు నడవండి. మూడవది వేళ. పొద్దున ఏదైనా వెచ్చనిది తాగిన తరువాత పేగు కదులుతుంది, ఆ వేళ కుదిరినా కుదరకపోయినా దొడ్డికి వెళ్లి కూర్చోండి, అర్జెంటు పనులున్నాయని ఆపుకోకండి. నేల దొడ్డి మీద కూర్చోవడం పెద్ద పొట్టవారికి కష్టం. కమోడు ఉంటే దాని ముందు చిన్న పీట వేసి, పాదాలు దాని మీద పెట్టి కూర్చుంటే ముక్కవలసిన పని తగ్గుతుంది.

ఇసబ్‌గోల్ పొట్టు మంచిదే గాని నిండు గ్లాసుడు నీళ్లతో తాగాలి. నీళ్ల కొలత ఉన్నవారు తాగితే లోపల గట్టిపడి ఇంకా బిగుస్తుంది. అలాంటివారికి డాక్టర్లు లాక్టులోజ్ సిరప్ వంటిది రాస్తారు, మొదటి నాలుగు రోజులు ఉబ్బరం చేసినా తరువాత సర్దుకొంటుంది. ఆముదం తాగి ఒక్కసారిగా కడుపు కడిగేసుకోవడం, మెగ్నీషియం కలిసిన పాల మందు, ఫాస్ఫేటు ఎనిమాలు కిడ్నీ రోగికి ప్రమాదం. ఎనిమా ఇవ్వవలసి వస్తే ఆ రోగి కిడ్నీ రోగి అని నర్సుకు ముందే చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడకండి. మా వృత్తిలో మేము విననిది లేదు.

నడుములో, డొక్కలో పోటు వస్తే ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకొనేవారు ఎందరో. ఆ మందు, ఐబుప్రొఫెన్ వంటివి కడుపులో పుండు చేస్తాయి, ఉన్న కిడ్నీని ఇంకా తగ్గిస్తాయి. పారాసిటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చు. రణపాల ఆకు, కొండపిండి ఆకు రాళ్లకు వాడతారని, అవే తిత్తులను కరిగిస్తాయని చెప్పేవారున్నారు. తిత్తి రాయి కాదు. ఆకుపసరులు దాన్ని కరిగిస్తాయని రుజువేమీ లేదు. పేరు తెలియని పొడులు, భస్మాలు తిని క్రియాటినిన్ రెట్టింపై వచ్చినవారిని మాత్రం చూశాను.

ఉపవాసాల మాట కూడా అడుగుతారు. శ్రమల దినములలో పగలంతా నీళ్లు కూడా ముట్టకుండా ఉండేవారు మన కుటుంబాల్లో ఉన్నారు. ఈ జబ్బున్నవారు నీళ్లు మానకూడదు. ఖాళీ కడుపుతో ఉండి సాయంత్రం ఒక్కసారి నిండా తింటే ఆ రాత్రి నరకమే. వేసుకోవలసిన బి.పి. బిళ్లలు ఉన్నాయి కదా. పాస్టరుగారితో మాట్లాడండి, నాకు తెలిసి ఎవరూ కాదనరు. పెళ్లి విందుల్లో, క్రిస్మస్ భోజనాల్లో "ఇంకొంచెం, ఇంకొంచెం" అని వడ్డించేవారికి నా మనవి: వద్దన్నవారికి వేయకండి. మీ ప్రేమ వారి గొంతులో మంటగా తేలుతుంది.

పై జాగ్రత్తలన్నీ తీసుకొన్నా కొందరికి బాధ తగ్గదు. కాలేయంలో ఒకటి రెండు పెద్ద తిత్తులే నొక్కుతుంటే, స్కానింగ్ చూస్తూ సూదితో నీరు తీసి, మళ్లీ నిండకుండా లోపల మందు పెడతారు. కొన్నింటిని లాపరోస్కోపీ ద్వారా పైకప్పు తీసివేస్తారు. చిన్న చిన్న తిత్తులు వందలకొద్దీ ఉంటే సూదితో ప్రయోజనం లేదు. అలాంటి కొందరికి పెద్ద ఆస్పత్రుల్లో నెలకొక ఇంజక్షను ఇస్తారు, కాలేయం కొంత తగ్గుతుంది గాని ఖర్చు ఎక్కువ, నీళ్ల విరోచనాలు కావచ్చు. మరీ తీవ్రమైన కొద్దిమందికి కాలేయంలో భాగం తీయడం, మార్పిడి వరకూ వెళుతుంది. కాలేయంలో తిత్తులు ఎక్కువున్న తల్లులు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక బిళ్లలు, హార్మోను బిళ్లలు డాక్టరును అడగకుండా వాడరాదు. కిడ్నీ తిత్తులు త్వరగా పెరిగేవారికి టోల్వాప్టాన్ అనే మందును కిడ్నీ డాక్టర్లు రాయవచ్చు. దానితో విపరీతమైన దాహం, రాత్రంతా మూత్రం, క్రమంగా లివరు పరీక్షలు తప్పవు.

డయాలసిస్ దశ వస్తే కడుపులో నీళ్లు నింపి చేసే పద్ధతి కూడా చాలామందికి కుదురుతుంది. కిడ్నీలు మరీ పెద్దవైనా, హెర్నియా ఉన్నా కష్టం. మార్పిడి కిడ్నీని పొత్తికడుపులో పెడతారు. దానికి చోటు లేకపోతే పాత కిడ్నీ ఒకటి తీసివేస్తారు. లేకపోతే పాతవి అక్కడే ఉంటాయి. ఇంట్లోవారు కిడ్నీ ఇస్తామంటే ముందు వారికీ ఈ జబ్బు లేదని తేల్చాలి.

ఈ కిందివి కనబడితే గ్యాసనుకొని ఇంట్లో కూర్చోకండి. చలిజ్వరంతో డొక్కలో గాని కుడి పక్కటెముకల కింద గాని నొప్పి వస్తే తిత్తికి చీము పట్టి ఉండవచ్చు. హెర్నియా ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండా నొప్పి, వాంతులు మొదలైతే అదే గంటలో రావాలి. తారులాంటి నల్లని విరోచనం, రక్తపు వాంతి, ఒక రోజంతా నీళ్లు కూడా నిలవని వాంతులు, కళ్లు పచ్చబడటం, ఎర్రని మూత్రం కూడా అంతే. కడుపుకు సంబంధం లేకపోయినా ఒకటి చెప్పాలి. ఈ జబ్బున్న కొందరికి మెదడు రక్తనాళంలో బుడగ ఉంటుంది. జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే వెంటనే పెద్ద ఆస్పత్రికి తీసుకుపోండి.

ఆ తల్లి ఇప్పటికీ మూడు నెలలకొకసారి వస్తుంది. పొట్ట తగ్గలేదు. కాలేయంలో పెద్ద తిత్తి ఒకటి సూదితో తీయించుకొంది, ఆరు ముద్దలు ఎనిమిదయ్యాయని లెక్క చెప్పింది. దండచేయి కొలత సెంటీమీటరు పెరిగింది. ఆ రోజు ఆ అంకె నేనే నా చేత్తో రాశాను. క్రితంసారి ఇరవై ఒక్కేళ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. డిగ్రీ పూర్తయింది, ఉద్యోగానికి హైదరాబాదు వెళుతున్నాడు. "నాకు బాగానే ఉంది ఆంటీ, కడుపులో ఏమీ లేదు, అమ్మ ఊరికే కంగారు పడుతుంది" అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి బి.పి. చూశాను. 150 మీద 96. పది నిమిషాలు ఆగి మళ్లీ చూశాను, అంతే ఉంది. వాళ్లమ్మ నా ముఖం వైపు చూస్తోంది. స్కానింగు చీటీ రాయించి, ఖాళీ కడుపుతో రమ్మని మరుసటి రోజు ఏడింటికి టైము ఇచ్చాము. బస్సు టిక్కెట్టు రెండు రోజులు వెనక్కి మార్చుకొన్నాడు.